నాంచారమ్మ కంట్లో నా కాపురం

నేను ఒక అద్దాన్ని. ముక్కు మీద కూర్చుని చెవులు పట్టుకు వేలాడే రకం కాదు, కంటి లోపలే కాపురముండే రకం. శనగబద్దంత ఒళ్ళు, రెండు సన్నని కాళ్ళు. ఫ్యాక్టరీలో ఒంటి మీద గీత లేదని పరీక్షించి, డబ్బాలో మూశారు. డాక్టరమ్మ శుక్లం తీసేసి, దాని చుట్టూ ఉండే పల్చని పొరసంచిలో నన్ను కూర్చోబెట్టింది. ఆ కన్ను నాంచారమ్మది. ఎడమకన్ను చిన్ననాడే అమ్మవారు పోసి పోయింది కనుక, ఆవిడకున్నది నా ఇల్లొక్కటే.

ఆవిడ పని మిర్చి ఏరడం. ఎర్రకాయ ఒక కుప్ప, రంగు వెలిసిన తాలుకాయ మరో కుప్ప. రెండేళ్ళు హాయిగా గడిచాయి. తర్వాత దీపాల చుట్టూ వలయాలు, ఎండలో కన్ను చెదరడం, కాయలన్నీ ఒకే రంగు పొగ. నేను పుట్టినంత శుభ్రంగానే ఉన్నాను. నా వెనకున్న సంచి గోడే ఆవిరి పట్టిన కిటికీలా మసకబారింది.

నన్నడిగేదెవరు? నాంచారమ్మ బల్బు మార్చింది, మంచును తిట్టింది, చివరికి దోషిని పట్టుకుంది. గోంగూర! ఆపరేషనయ్యాక మూణ్ణెల్లు ముట్టొద్దని వీధి వీధంతా చెప్పింది, ఒక్క డాక్టరమ్మ తప్ప. ఈవిడ రెండో నెల్లోనే తిన్నది. పత్యం చెడి అద్దం కుళ్ళింది, కన్ను తీసేస్తారు, పని పోతుంది, తనను కాచుకుంటూ కూతురు సుహాసిని ఉద్యోగం మానేస్తుంది! అందుకని ఆర్నెల్లుగా ఎవరికీ చెప్పలేదు. నా ఒంటి ప్లాస్టిక్కును కుళ్ళబెట్టే గోంగూర గుంటూరులో కూడా పండదని నేనెట్లా చెప్పను?

ఒకరోజు మిర్చి షావుకారు ఎర్రకాయల్లో దొరికిన గుప్పెడు తాలుకాయలు తెచ్చి మేస్త్రీ ఏసోబు ముందు పోశాడు.

"ఇయ్యి నీ కుప్పలోయే అక్కా. ఇంకోసారి కలిసినయ్యంటే నువ్వు రానక్కర్లా," అన్నాడు ఏసోబు.

ఆ మాట చెవిన పడ్డ సుహాసిని తల్లిని ఆసుపత్రికి లాక్కెళ్ళింది.

"గోంగూర తిన్నానమ్మా, తప్పయిపోయింది. కన్ను మాత్రం తియ్యమాకండి," అని నాంచారమ్మ దణ్ణం పెట్టింది.

డాక్టరమ్మ నవ్వింది. "అద్దానికేం కాలేదు పెద్దమ్మా. వెనక పొర మసకేసింది, చాలామందికి వస్తుంది. లేజరుతో చిన్న కిటికీ తెరుస్తా. కత్తి లేదు, కట్టు లేదు."

"రెండేళ్ళ నాటి గోంగూరకి ఆర్నెల్లు దాచావా!" సుహాసిని పళ్ళు నూరింది.

చుక్కలు వేశారు. టిక్కు టిక్కుమని నాలుగు మెరుపులు. గోడకు కిటికీ పడింది. ఒకటి రెండు రోజుల్లో లోకం తేటబడింది.

మళ్ళీ కుప్ప దగ్గర కూర్చుంది. సాయంత్రం ఏసోబు వచ్చి ఆవిడ ఏరిన కాయలను ఒక్కొక్కటే ముక్కుకు ఆనేంత దగ్గరగా పెట్టుకు చూశాడు. తాలు దొరకలేదు. నాంచారమ్మ కాయల్ని కాదు, అతని మొహాన్ని చూస్తోంది.

"ఏసోబూ, నీ నల్లగుడ్డులో తెల్లగా అదేందిరా? ఎన్నాళ్ళనించి దాస్తన్నావు?"

మేస్త్రీ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "మెల్లగా అక్కా, షావుకారు ఇంటాడు!"