ఓర్క్‌కి గది లేదు

ఆదివారం సాయంత్రాలు అన్నయ్య ఇంట్లో భోజనాల బల్ల మీద ఆట నడిచేది. ఎవరి పాత్ర మాటలు వాళ్ళే పలుకుతూ, చిక్కు వచ్చినచోట పాచిక వేస్తూ ఆడే కథల ఆట అది. కథ నడిపేది అన్నయ్య. ఆటలో వదిన అందరూ మెచ్చే ఎల్ఫ్ జాతి విలుకత్తె, పక్క వాటాలో ఉండే వెల్డరు పొట్టివాళ్ళైన డ్వార్ఫ్ జాతి యోధుడు. కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే చెల్లెలు కొత్తగా చేరింది. జాతి ఎంచుకోమంటే ఆకుపచ్చ ఒళ్ళు, కోరలు ఉన్న రాక్షసజాతి ఓర్క్‌ని ఎంచుకుంది. గాయాలకు కట్లు కట్టే ఓర్క్.

"ఎల్ఫ్ తీసుకోవే, సుఖపడతావు," అన్నాడు అన్నయ్య.

"నాకిదే నచ్చింది."

మొదటి ఊళ్ళో కావలివాడు అందరినీ వదిలేసి ఆమె సంచి ఒక్కటే వెతికాడు. నవ్వి ఊరుకుంది. రెండో ఊళ్ళో కొట్టువాడు సరుకు ఆమె చేతికివ్వకుండా గడప మీద పెట్టాడు. పళ్ళ బిగువున ఓర్చుకుంది.

మూడో ఊరు చేరేసరికి కథలో జోరువాన. అన్నయ్య సత్రం యజమాని గొంతు పెట్టాడు.

"ఎల్ఫమ్మకీ డ్వార్ఫయ్యకీ మేడమీద గదులున్నాయి. నీకు... గది లేక కాదమ్మా, ఇంట్లో పెద్దవాళ్ళు ఒప్పుకోరు. ఏమీ అనుకోకు."

చెల్లెలి ముఖం మాడిపోయింది. చిన్నప్పుడు ఒక అద్దె ఇంటి మెట్ల మీద, నాన్న వెనక నిలబడి అన్నాచెల్లెళ్ళిద్దరూ విన్న మాటలివి. ఏ వీధి నుంచి వచ్చారో అడిగి తెలుసుకున్నాకే ఆ ఇంటాయన ఇంత మెత్తగా చెప్పాడు. "పర్లేదండి" అంటూ నాన్న మెట్లు దిగాడు.

ఆమె యజమానిని ఒప్పిస్తానని పాచిక వేసింది. ఇరవై పడింది. అంతకు మించిన అంకె ఆ పాచికలో లేదు.

"ఎంత పడినా లాభం లేదు," అన్నాడు అన్నయ్య. "కథ నిజంలా ఉండాలి కదా."

"పోనీలే, ఈ పూటకి పశువుల పాకలో సర్దుకో," అంది వదిన.

ఆమెకు ఒళ్ళు మండింది. "ఆ మాటలెవరివి అన్నయ్యా?"

"ఏ మాటలు?"

"నీకు తెలుసు. నాన్నతో అన్నవి పొల్లుపోకుండా దాచి నాకే వడ్డించావు."

"ఆటే కదే. ఇంత రాద్ధాంతమెందుకు?"

"నీ కథలో డ్రాగన్లు మాట్లాడతాయి. చచ్చినవాడు మంత్రానికి లేచి కూర్చుంటాడు. ఓర్క్‌కి గదివ్వాల్సి వచ్చేసరికి మాత్రం నీకు నిజం గుర్తొచ్చిందా? ఆ పెద్దవాళ్ళని పుట్టించింది నువ్వు. ఒప్పుకోనిదీ నువ్వే."

అన్నయ్య గొంతు లేచింది. "అవును, నేనే. ఒక్కసారైనా ఆ ఇంటాయన కుర్చీలో కూర్చోవాలనిపించింది. తప్పా?"

"కూర్చో. మెట్ల మీద నన్నెందుకు నిలబెట్టావు?"

వెల్డరు ఇబ్బందిగా కదిలాడు. "నా డ్వార్ఫ్ కూడా పాకలోనే పడుకుంటాడులే చెల్లెమ్మా."

"పాకలో తోడెందుకు? నాక్కావాల్సింది గది."

ఆమె చెప్పులేసుకుంటుంటే వదిన వెనకాలే వచ్చింది. "నాకూ మనసు చివుక్కుమంది."

"చివుక్కుమన్నప్పుడే అనాల్సింది వదినా."

మళ్ళీ ఆదివారం వెళ్ళలేదు. అన్నయ్య దుకాణానికి ఫోన్ చేశాడు.

"ఆ సత్రాన్ని కథలోంచి తీసేశాను. రా."

"తీసేయడం తేలిక. వాడిచేత తలుపు తీయించు, వస్తాను."

"ఉన్నట్టుండి వాడెందుకు తీస్తాడు?"

"నువ్వే ఆలోచించు," అని ఫోన్ పెట్టేసింది. అరగదీయాల్సిన అద్దాన్ని బల్ల మీదే ఉంచింది. కోపం తగ్గేదాకా మిషను ఆన్ చేయలేదు.