సున్నా మిల్లీమీటర్లు

పన్నెండేళ్లుగా నా పని చేతులు కొలవడం. క్షయ పరీక్షకు ముంజేతి చర్మంలోకి సూదిమందు ఎక్కిస్తాను. మూడో రోజు అక్కడ గట్టిపడి లేచిన వాపును స్కేలుతో కొలిచి రాస్తాను. వాపు పెద్దదైతే క్రిమి ఒంట్లో చేరినట్టు. లేకపోతే ఇంటికి పొమ్మంటాను. ఈ పనిలో నాకు కాస్త పొగరు కూడా ఉండేది.

తమ్ముడు వడ్రంగి. నెలరోజులుగా దగ్గుతుంటే నేనే లాక్కొచ్చాను. మూడో రోజు వాడి చేయి నున్నగా ఉంది. సున్నా అని రాశాను.

"బతికించావక్కా! నీ మరదలు నన్ను బూచాణ్ని చూసినట్టు చూస్తోంది," అని వాడు పళ్లన్నీ బయటపెట్టాడు.

డాక్టరమ్మ కళ్లె పరీక్ష కూడా రాశారు. "అదెందుకులేరా, ఇది రంపంపొట్టు దగ్గు," అనేశాను.

రెండు నెలలకు వాడు రక్తం కక్కాడు.

"కీళ్లనొప్పులకి స్టెరాయిడ్ బిళ్లలు వాడుతున్నాడని నీకు తెలుసా?" అని అడిగారు డాక్టరమ్మ.

"తెలుసండీ. మూడేళ్లుగా."

"మరి వాపెలా వస్తుందమ్మా?"

ఈ ముక్క శిక్షణలో చెప్పే ఉంటారు. నాకు స్కేలు చదవడం వస్తే చాలనిపించింది. ఆ వాపు క్రిమి తెచ్చేది కాదు, మన ఒంటికి కాపలా కాసే తెల్లకణాల్లో ఒక రకం, టి కణాలు తెచ్చేది. క్రిమిని మింగిన కణాలు దాన్ని చంపలేక చతికిలబడితే, టి కణాలే వచ్చి వాటికి ఊతమిస్తాయి, క్రిమి చుట్టూ దడి కట్టిస్తాయి. సూదిమందులో ఉండేది ఆ క్రిమి సారమే గనక, దాన్ని ఒకసారి ఎరిగినవి సూది పొడిచిన చోటుకూ పరుగెత్తుకొస్తాయి. తమ్ముడి ఒంట్లో వాటిని ఆ బిళ్లలు నీరుగార్చేశాయి. చేయి నున్నగా ఉంటే నేను ఆరోగ్యమనుకున్నాను.

మందులు మొదలుపెట్టిన పదకొండో రోజున వాడు పోయాడు. నన్ను ఒక్క మాట అనలేదు.

ఇంట్లో అందరికీ పరీక్ష చేయమన్నారు. నాలుగేళ్ల మేనకోడలి చేయి పొంగింది. పదిహేను మిల్లీమీటర్లు. దాని టి కణాలు పోరాడుతున్నాయని, ఎక్స్‌రే బాగుందని, నెలల తరబడి మందు మింగిస్తే గట్టెక్కుతుందని డాక్టరమ్మ చెప్పారు. నాకు ఏడుపు ఆగలేదు.

"దీనికెలా అంటింది వదినా? దగ్గు మొదలైనప్పట్నుంచీ ఆయన దీన్ని దగ్గరికే రానివ్వలేదుగా..." అంటూ మరదలు మధ్యలోనే ఆగిపోయింది.

సున్నా రాసిన సాయంత్రం, పాపను ఎత్తుకెళ్లి వాడి గుండెల మీద పడుకోబెట్టింది నేనే.