గుర్రం నడక

చదరంగం పావులు చెక్కడం మా అన్నయ్య వృత్తి. వాటికి లేనిపోని చుట్టాలను పుట్టించడం పిచ్చి. రాజు, మంత్రి చాలరన్నట్టు ‘అత్తగారు’ అని ఒక పావు చెక్కాడు. ఆవిడ ఎవరినీ చంపదు గానీ, పక్క గడుల్లో ఉన్నవాళ్లను కదలనివ్వదు. ఇంకొకటి ‘మొహమాటం’. ఈ చివర నుంచి ఆ చివరకు పోగలదు, కానీ ఎవరైనా ఎదురుపడితే ఒక గడి ఇవతలే ఆగిపోతుంది. “అది మీరే కదా,” అని వదిన దెప్పితే, నవ్వేసి దానికి తన ముక్కే చెక్కాడు.

ఈ ఆటలకు మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. కొత్త పావు నడక ఆటకు ముందు ఒక్కసారే చెప్పాలి. మధ్యలో ఎవరు అడిగినా ఓడినట్టే. కొంతకాలంగా అన్నయ్య చెప్పేది ఒకటి, నడిపేది ఇంకొకటి. ఆట అయ్యాక నిలదీస్తే, “నడక మార్చాను, నీకు అందలేదు,” అనేవాడు. ఏం బుర్ర అని మురిసిపోయాం. వేరే ఇంట్లో అయితే ఎప్పుడో డాక్టర్ దగ్గరకు పరిగెత్తేవాళ్లు.

పోయిన వారం తన పని షెడ్డులో, తిరుగుతున్న లేత్ మిషన్‌లో చెయ్యి పెట్టాడు. ఆపడం మరిచిపోయాడట. వేళ్లకు కుట్లు పడ్డాయి. మతిమరుపు జబ్బు మొదలైందని డాక్టర్ చెప్పాడు. వదిన షెడ్డుకు తాళం వేసేసింది. అప్పటి నుంచి అన్నయ్య అన్నం ముందు కూడా బొమ్మలా కూర్చుంటున్నాడు. ఆ మిషన్ లేకపోతే మనిషి దక్కడని నాకు భయం పట్టుకుంది.

ఈ పొద్దున పందెం తనే కట్టాడు. “మామూలు చదరంగం, ఒక్క ఆట. తప్పు లేకుండా ఆడితే తాళం ఇస్తావా?”

వదిన నా వైపు చూసి, “సరే. నువ్వు ఆడు, కానీ అందించకూడదు,” అంది.

పసిపిల్లలు కూడా పట్టేసే ఎత్తులు వేశాను. అన్నయ్య బంట్లు చక్కగా నడిపాడు. నా మంత్రిని కొట్టేసి, “ఏమే, నిద్రపోతున్నావా?” అని ఎకసెక్కం ఆడాడు. ఎన్నడూ లేనిది, ఓడిపోతున్నందుకు నా ప్రాణం లేచొచ్చింది. ఇంకో నాలుగు ఎత్తులు ఇలాగే గడిస్తే చాలు అనుకున్నాను.

అప్పుడు గుర్రాన్ని పైకెత్తాడు. ఆ చెయ్యి బల్ల మీద అటూ ఇటూ తిరిగింది గానీ కిందకు దిగలేదు. నేను కళ్లతోనే గడి చూపించాను. తను చూడలేదు. పందెం ఒప్పుకున్నందుకు వదిన మీద, ఆడినందుకు నా మీద, ఆ గుర్రం మీద కూడా ఒళ్లు మండింది. అయినా ఏం చెయ్యను?

“చెల్లీ,” అన్నాడు మెల్లగా. “ఇది ఎటు పోతుందే?”

వదిన కుర్చీలో కూలబడింది. ఇంక దాచేదేముంది?

“రెండు గడులు తిన్నగా, ఒకటి పక్కకు,” అన్నాను. “మధ్యలో ఎవరున్నా ఆగదు. దూకేస్తుంది.”

“దూకేస్తుందా? అందరి నెత్తి మీంచీనా?”

“ఆఁ, అన్నయ్యా.”

నడిపి చూశాడు. వెనక్కి తెచ్చి మళ్లీ నడిపాడు. వారం రోజులుగా చచ్చుబడిన మొహం వెలిగిపోయింది. “అబ్బ! ఇన్ని కనిపెట్టాను గానీ, ఇలాంటిది నాకు తట్టనే లేదే! ఎప్పుడు కనిపెట్టావు? చెప్పావు కాదేం?”

తల వంచుకున్నాను.

అన్నయ్య గుర్రాన్ని జాగ్రత్తగా గడి మధ్యలో నిలబెట్టి వదిన వైపు తిరిగాడు.

“సరిగ్గానే నడిపానుగా? తాళం ఇవ్వు మరి,” అంటూ కుట్లున్న చెయ్యి చాపాడు.