యథాస్థానం

మా ఆయన కాలికి బలపం కట్టుకొని పుట్టాడు. మెథడిస్టు పాస్టరు కావడానికి అంతకంటే అర్హత అక్కర్లేదు. ఏటా వార్షిక సభలో బిషప్పుగారు బదిలీల జాబితా చదువుతారు. ఎక్కడికి పొమ్మంటే అక్కడికి మూటాముల్లె సర్దుకొని పోవాలి. ఇరవయ్యారేళ్ళలో తొమ్మిది ఇళ్ళు మారాం. పేరు తర్వాత 'యథాస్థానం' అని చదివితే మాత్రం ఇంకో ఏడాది ఉన్నచోటే. నాకు అంతకంటే తియ్యని మాట లేదు. ఆయనకేమో ఆ మాట వింటే కాళ్ళు పీకుతాయి.

అలాంటి మనిషి ఈసారి ఆ మాట కోసం నాకంటే ఎక్కువ ఆత్రపడ్డాడు. కారణం, మా సంఘంలో బట్టలు కుట్టే టైలరమ్మ వాళ్ళ తల్లి.

మూడేళ్ళ క్రితం చర్చి వెనక హాల్లో, మతిమరుపు జబ్బున్న పెద్దవాళ్ళు పగలంతా ఉండటానికి ఆయన ఏర్పాటు చేశాడు. ఇంట్లోవాళ్ళు పొద్దున దిగబెట్టి పనికి పోతారు. ఇప్పుడు ఏడుగురున్నారు. టైలరు తల్లి కన్నకూతుర్నే "ఎవరమ్మా నువ్వు?" అంటుంది. మా ఆయన్ని మాత్రం ఎప్పుడో పోయిన తన తమ్ముడనుకుంటుంది. ఆయన తినిపిస్తేనే నోరు తెరుస్తుంది. నేను ప్రయత్నిస్తే చెంచా విసిరింది, నా కళ్ళజోడు పగిలింది. ఆయన జ్వరంతో పడుకున్న రెండు రోజులూ ఆవిడ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

సభకు ముందు వారమంతా ఆయన కాలుగాలిన పిల్లిలా ఇంట్లో తిరిగాడు.

"కాపరి మారినా మంద దేవుడిదేనని ఊరూరా చెప్పారు కదండీ?" అన్నాను.

"ప్రసంగం వేరు, పెద్దావిడ వేరు. నేను పోతే ఆవిడ నెల తిరక్కుండానే పోతుంది."

ఆ భయం నాకూ ఉంది. కానీ ఆయన గొంతులో భయంతో పాటు కాస్త గర్వం కూడా వినబడి ఒళ్ళు మండింది.

సభలో ఆయన పేరొచ్చింది. దాని వెనకే ఎప్పుడూ వినని ఊరి పేరు. ఆయన లేచి, తలవంచి, కూర్చున్నాడు. కాదనే అలవాటు మా పాస్టర్లకు లేదు. నాకు మాత్రం బిషప్పుగారి చేతిలోని కాగితం లాక్కొని చింపెయ్యాలనిపించింది.

కొత్త పాస్టరు వచ్చాడు. మెడకున్న తెల్ల కాలరు తప్ప మా ఆయనతో ఒక్క పోలికా లేదు. కొత్తాయన పొట్టి, మా ఆయన తాటిచెట్టంత. తాళాలూ రిజిస్టర్లూ అప్పగించాక, మా ఆయన అసలు పాఠం మొదలుపెట్టాడు.

"ఎడమపక్క కూర్చోండి. 'అక్కా' అని పిలవండి. రెండు చెంచాలయ్యాక ఆగండి. అయినా మొదట్లో తినదు, ఓపిక పట్టాలి."

టైలరు గోడకానుకొని ఏడుస్తోంది. "అయ్యగారూ, అప్పుడప్పుడూ వచ్చి పోతారా?"

"వస్తానమ్మా, తప్పకుండా వస్తాను."

కొత్తాయన సూపు గిన్నె పట్టుకొని కూర్చున్నాడు, కంగారులో కుడిపక్క. అక్కా అనడం కూడా మరిచిపోయాడు. "తింటారా అండీ?" అన్నాడు.

పెద్దావిడ ఆయన్ని ఎగాదిగా చూసింది.

"ఇంతసేపూ ఎక్కడికెళ్ళావురా తమ్ముడూ?" అని నోరు తెరిచింది.

చెంచా తర్వాత చెంచా, గిన్నె ఖాళీ అయింది. టైలరు ఏడుపు ఆపి నవ్వింది. మా ఆయన పెద్దావిడ దగ్గరికి వెళ్ళి, "అక్కా" అన్నాడు మెల్లగా.

"ఎవరు బాబూ మీరు?" అందావిడ, మర్యాదగా. "కూర్చోండి. మా తమ్ముడొచ్చాడు."

సామాన్ల వ్యానులో ఇద్దరం డ్రైవరు పక్కనే కూర్చున్నాం. ఎత్తిపొడుపు మాట ఒకటి నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ఊరు దాటాక ఆయన నోరు విప్పాడు.

"తింది. మనకు కావలసింది అదే కదా."

"అవునండీ."

"పోనీలే, ఇక ఆవిడకు భయం లేదు" అన్నాడు. అంటూనే చేతుల్లో మొహం దాచుకున్నాడు. ఇన్ని ఊళ్ళు వదిలాం గానీ, ఆయన ఏడవగా చూడటం నాకదే మొదలు.