తాళం లాగే మనిషి

నాటకాల బడిలో రెండో ఏడు చదువుతున్న ఆ అమ్మాయిని అందరూ నిచ్చెన అని పిలిచేవారు. మనిషి అంత పొడుగు. గుమ్మం ఎంత ఎత్తున్నా సరే, లోపలికి వచ్చేటప్పుడు అలవాటుగా తల కాస్త వంచుతుంది. ఆ పొడుగుకి రాణి వేషాలు బాగా నప్పుతాయని చేరిన కొత్తలో ఎవరో అన్నారు. అప్పట్నుంచీ ఆ మాట మనసులో నాటుకుపోయింది. తీరిక దొరికితే చాలు, అద్దం ముందు నిలబడి, మాట తడబడకుండా ఏడవడం ఎలాగో సాధన చేసుకునేది.

అలాంటిది, ఏడాది చివరి ప్రదర్శనకి పాత్రలు పంచినప్పుడు మాస్టారు ఆమెకి హాస్యనాటికలో ఇల్లాలి వేషం ఇచ్చారు. కథ చిన్నది. భార్యాభర్తలు రైలెక్కాలి. పెట్టెలు పట్టుకుని గుమ్మం దాటి తాళం వేస్తారు. ఆవిడకి అనుమానం, తాళం పడిందో లేదో అని. చూస్తుంది. పడింది. అంతలో పొయ్యి మీద అనుమానం. తలుపు తీసి లోపలికెళ్ళి చూసి వస్తుంది. మళ్ళీ తాళం, మళ్ళీ అనుమానం. అలా చూసుకుంటూ ఉండగానే రైలు వెళ్ళిపోతుంది. భర్త వేషం పొట్టిగా, గుండ్రంగా ఉండే ఒక కుర్రవాడికి వచ్చింది. అతన్ని బొంగరం అంటారు.

నిచ్చెన మొహం వాడిపోయింది. "మాస్టారూ, నాకు నవ్వించడం రాదండీ" అంది.

"మంచిదేనమ్మా. వచ్చు అనుకునేవాళ్ళతోనే నాకు తలనొప్పి" అని ఆయన ఇంకో పేరు పిలిచారు.

చేసేదేం లేక నిచ్చెన పనిలో దిగింది. దిగితే మాత్రం ఒళ్ళు దాచుకునే రకం కాదు. ముక్కుతో మాట్లాడే గొంతు ఒకటి పట్టుకుంది. కళ్ళు గుండ్రంగా తిప్పడం నేర్చుకుంది. నడుం పక్కకి విరిచి బాతులా నడిచింది. మొదటిరోజు తోటివాళ్ళు పగలబడి నవ్వారు. మర్నాడు కొంచెం నవ్వారు. ఆ తర్వాత ఒకడు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఆమె గొంతు ఇంకా సాగదీసింది, కళ్ళు ఇంకా తిప్పింది. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు.

"నువ్వు ఎంత కష్టపడుతున్నావో చివరి వరసదాకా తెలుస్తోంది" అన్నాడు బొంగరం. ఓదార్పుగానే అన్నాడు పాపం.

మాస్టారు కుర్చీ ముందుకి లాక్కున్నారు. "ఆవిడకి రైలెక్కాలని ఉందా?"

"ఉందండి."

"మరి నాకు కనపడలేదేం? నువ్వు మాటిమాటికీ మావైపే చూస్తున్నావు, నవ్వారా లేదా అని. ఆవిడ తాళం వేసుకుంటుంటే మధ్యలో మేమెవరం?"

ఆ మాట ఆమెకి సరిగ్గా బోధపడలేదు. అలాగని వదల్లేదు కూడా. పంటి సందులో ఇరుక్కున్న పీచులా అక్కడే ఉండిపోయింది.

నిచ్చెన ఉండేది మేనత్త ఇంట్లో, రెండో అంతస్తులో. పొద్దున్నే ముగ్గురూ కలిసే బయల్దేరతారు. మేనత్త మందుల షాపులో పనిచేస్తుంది. మావయ్య ఒక గిడ్డంగిలో లెక్కలు చూస్తాడు. ఆయన ముందే దిగి మెట్ల కింద నిలబడి ఏదో కూనిరాగం తీస్తుంటాడు. అత్త తాళం వేస్తుంది. ఒకసారి లాగుతుంది. తాళంచెవి సంచిలో పడేసి నాలుగు మెట్లు దిగుతుంది. ఆగుతుంది. వెనక్కి ఎక్కి మళ్ళీ లాగుతుంది. రెండేళ్ళుగా ఇది రోజూ జరిగేదే. నిచ్చెన ఎన్నడూ పట్టించుకోలేదు. ఆ రోజు మాత్రం మెట్ల మలుపులో నిలబడిపోయి, మొదటిసారి చూస్తున్నదానిలా కళ్ళప్పగించి చూసింది. అత్త తాళం పట్టుకునేటప్పుడు పెదవులు బిగిస్తుంది. లాగాక ఒక్క క్షణం తాళాన్ని కాకుండా గోడని చూస్తుంది. అది మునుపెన్నడూ కనపడలేదు.

"ఏమే, అలా గుడ్లప్పగించి చూస్తావేం? బస్సు పోతుంది" అంది అత్త.

ఆ మధ్యాహ్నం నిచ్చెన బాతు నడక మానేసి, అత్తని దించేసింది. బిగించిన పెదవులు, గోడ మీద చూపు, నాలుగు మెట్లు, వెనక్కి రావడం. కిటికీలోంచి చూసే కుర్రాడు కూడా ఇటు తిరిగాడు. బొంగరమైతే నవ్వాపుకోలేక తన మాట మర్చిపోయాడు. నిచ్చెనకి ఒళ్ళు తేలిపోయింది. సాయంత్రం బస్సులో మాత్రం ఏదో గుచ్చుకున్నట్టయింది. అత్తని అడగకుండా పట్టుకెళ్ళి పదిమంది ముందూ పెట్టి నవ్వించి వచ్చింది. ఇంట్లో చెబుదామా అనుకుంది. నోరు రాలేదు.

దొరికిపోవడానికి ఎన్నాళ్ళో పట్టలేదు. ఒక సెలవురోజు అత్త కూరగాయలకని వెళ్ళింది. నిచ్చెన తలుపు బయట తాళం పట్టుకుని సాధన మొదలుపెట్టింది. లాగింది, గోడని చూసింది, మెట్లు దిగబోతూ వెనక్కి తిరిగింది. దిగువ మలుపులో అత్త నిలబడి ఉంది. చేతిలో సంచి. ఎంతసేపట్నుంచి చూస్తోందో తెలియదు. నిచ్చెన తాళం వదిలేసింది.

అత్త మెల్లిగా పైకి వచ్చి సంచి కింద పెట్టింది.

"నేను కుడిచేత్తో లాగుతాను" అంది. "ఎడమచేతిలో సంచి ఉంటుంది కదా."

"అత్తా, అది..."

"నవ్వుతున్నారా అక్కడ?"

"నవ్వుతున్నారు" అంది నిచ్చెన, తల దించుకుని.

అత్త లోపలికెళ్ళి కూరగాయలు బుట్టలో సర్దింది. బెండకాయలు తరుగుతూ ఉన్నట్టుండి అడిగింది. "లాగేటప్పుడు నీ మనసులో ఏముంటుంది?"

నిచ్చెన ఆలోచించింది. "ఏం లేదు. ఎప్పుడు వెనక్కి తిరగాలా అనుకుంటాను."

"అయితే అది నేను కాదు" అంది అత్త. కోపం లేదు. బెండకాయ ముదిరిందో లేదో చూసినట్టు, ఉన్నమాట చెప్పిందంతే. "నేను వెనక్కి తిరగాలని ఏ రోజూ అనుకోను. ఇవాళ తిరక్కుండా పోదామనే అనుకుంటాను."

"మరి ఎందుకు తిరుగుతావు?"

"అదేదో నాకు తెలిస్తే నీకు చెప్పనా?" అంది. తరిగిన ముక్కలు పక్కకి నెట్టి, "ఒకసారి షాపుకి రా. అక్కడ చూడు. నేనైతే అక్కడే ఎక్కువసేపు ఉంటాను" అంది.

నిచ్చెన వెళ్ళింది. మందుల షాపు సన్నగా, పొడుగ్గా, గోడలనిండా సొరుగులతో ఉంది. ఒక మూల ఎత్తు బల్ల మీద కూర్చుని ఆమె అత్తనే చూసింది. ఒకాయన దగ్గుతూ చీటీ ఇచ్చాడు. అత్త చదివింది. సొరుగు తీసి మాత్రల షీటు తెచ్చింది. పెదవులు బిగించింది. షీటు మీద పేరు చదివి, చీటీ చూసి, షీటు వెనక్కి తిప్పి, మళ్ళీ చీటీ చూసింది. కవర్లో వేసింది. ఆయన చెయ్యి చాచేలోపు, వేసినదాన్ని బయటికి తీసి ఇంకోసారి చూసింది. ఇంట్లో తాళం దగ్గర చేసే పని, అచ్చంగా అదే. ఆయన విసుక్కోలేదు. నవ్వలేదు. అత్త చూసుకుంటున్నంతసేపూ ఆయన కూడా ఆమె చేతుల్నే చూస్తూ నెమ్మదిగా నిలబడ్డాడు.

నిచ్చెనకి ఆశ్చర్యం పట్టుకుంది. అదే పెదవి, అదే చెయ్యి, అదే వెనక్కి రావడం. నాటికలో తలుపు దగ్గర అది చూసి పొట్ట పట్టుకుని నవ్వినవాళ్ళు ఇక్కడుంటే నవ్వేవాళ్ళా? నవ్వరు. మరి ఏది మారింది?

కాస్త రద్దీ తగ్గాక అత్త రెండు డబ్బాలు తెచ్చి ఆమె ముందు పెట్టింది. పేర్లు ఇంచుమించు ఒకటే, ఒక్క అక్షరం తేడా. "ఒకటి నిద్రకి. ఇంకోటి గుండెకి" అంది. "పొద్దస్తమానం ఇదే పని. ఇంటికెళ్ళాక తాళం కూడా ఇలాగే కనపడుతుంది, ఏం చెయ్యను?"

"కింద మావయ్య ఎదురుచూస్తుంటే నీకు తొందరగా ఉండదా?"

"ఎందుకుండదే? ప్రాణం బస్సు మీదే ఉంటుంది. చెయ్యి మాత్రం రాదు."

ఆ మాట పట్టుకుని నిచ్చెన మర్నాడు రిహార్సల్‌కి వెళ్ళింది. ఈసారి నిజంగానే తాళం చూసింది. పడిందా అని నిజంగానే అనుమానపడింది. నవ్వు ఒక్కటి కూడా రాలేదు. నాటిక ఎద్దుబండిలా సాగింది. బొంగరం జుట్టు పీక్కున్నాడు. "నిన్నటిదాకా బాగానే ఉంది కదా. ఎవరు చెప్పారు నీకు దీన్ని బాగుచెయ్యమని?"

ఆమె మాస్టారి వైపు చూసింది. ఆయన మొహంలో విసుగు లేదు, వింత చూస్తున్నట్టు కూర్చున్నారు. "ఏదో వెతుకుతున్నావు. వెతుక్కో" అన్నారు.

కొన్నాళ్ళు అలాగే గడిచాయి. తాళం మీద మనసు పెడితే రైలు మర్చిపోయేది. రైలు తలుచుకుంటే తాళం ఊరికే లాగినట్టుండేది. ఇక లాభం లేదని బొంగరాన్నే అడిగింది. "నువ్వు మెట్ల కింద నిలబడి మాటలు చెప్పకు. నిజంగా నా చెయ్యి పట్టుకుని రైలుకి లాక్కెళ్ళు. నేను తాళం వదలను."

బొంగరం లాగాడు. మొహమాటం లేకుండా లాగాడు. ఆమె కుడిచెయ్యి తాళం మీద ఉంది, ఎడమకాలు రెండు మెట్ల కింద ఉంది, అంత పొడుగు మనిషీ మధ్యలో దండెంలా సాగిపోయింది. ఆమెకి వెళ్ళాలనే ఉంది. నిజంగా ఉంది. కళ్ళు మెట్ల వైపే ఉన్నాయి. చెయ్యే రావడం లేదు. ఆ చేతి మీద ఆమెకే కోపం వచ్చింది. ముక్కుతో మాట్లాడే గొంతు లేదు, సాగదీత లేదు, "వస్తున్నానండీ, వచ్చేస్తున్నా" అని మామూలుగా అంది. గదంతా ఒక్కసారిగా నవ్వింది. ఆమె ఆ నవ్వు వైపు చూడలేదు. చూసే తీరిక లేదు.

మాస్టారు లేచి వచ్చారు. "ఇప్పుడు నాకు రైలు కనపడింది" అన్నారు.

ప్రదర్శనకి అత్తా మావయ్యా వచ్చి ముందు వరసకి కొంచెం వెనక కూర్చున్నారు. నాటిక బాగానే నడుస్తోంది. నవ్వులు రావాల్సిన చోట వస్తున్నాయి, రాకూడని చోట కూడా ఒకటీ అరా వస్తున్నాయి. ఇక చివరిసారి తాళం లాగి వదిలేసి పరుగెత్తాలి. నిచ్చెన మెట్లు దిగి, ఆగి, వెనక్కి ఎక్కి లాగింది. తాళం ఊడి చేతిలోకి వచ్చేసింది.

అది నాటికలో లేదు. పాత తాళం, ఏదో సడలిపోయింది. బొంగరం మొహంలో నెత్తురుచుక్క లేదు. తెర పక్కన ఎవరో "అయ్యో" అన్నారు. నిచ్చెనకీ గుండె గుభేలుమంది. ఏం మాట అనాలో బుర్రలో ఒక్కటీ లేదు. కానీ ఆ గుభేలు తనదో ఆ ఇల్లాలిదో ఆమెకే తెలియలేదు. చేతిలోని తాళాన్ని చూసింది. చాలాసేపు చూసింది. హాల్లో చీమ చిటుక్కుమన్నా వినపడేట్టుంది. ఇన్నేళ్ళూ ఆవిడ లాగుతూనే ఉంది, ఇన్నేళ్ళూ ఏమీ కాలేదు. ఇవాళ అయింది. నిచ్చెన మొహంలోకి మెల్లిమెల్లిగా ఒక గొప్ప సంతోషం వచ్చింది. తాళాన్ని రెండు చేతులా పట్టుకుని భర్తకి చూపించింది.

"ఏమండీ. చూశారా" అంది నెమ్మదిగా.

హాలు గొల్లుమంది. వెనక వరసలో కొందరు లేచి నిలబడ్డారు. బొంగరానికి ప్రాణం లేచొచ్చి, పెట్టెలు కింద పెట్టి, వాటి మీద కూర్చుండిపోయాడు. దూరంగా రైలు కూత వేసింది.

నాటిక అయ్యాక రంగు కడుక్కుని బయటికొస్తే మావయ్య కళ్ళు తుడుచుకుంటున్నాడు. నవ్వి నవ్వి కళ్ళు ఎర్రబడ్డాయి. అత్త మాత్రం మామూలుగా ఉంది.

"నవ్వావా అత్తా?" అడిగింది నిచ్చెన, భయంభయంగా.

"మొదట్లో నవ్వాను. అది ఊడొచ్చినప్పుడు నవ్వు రాలేదు. ఒళ్ళు జల్లుమంది" అంది అత్త. "అందరూ ఎందుకు నవ్వుతున్నారా అని పక్కకి చూశాను. మీ మావయ్యా నవ్వుతున్నాడు. నేను తాళం లాగేటప్పుడు ఆయన మొహం ఎలా ఉంటుందో ఎప్పుడూ చూళ్ళేదు. తలుపువైపు తిరిగి ఉంటాను కదా."

"ఎలా ఉంది?"

అత్త మావయ్య వైపు చూసింది. "బాగానే ఉంది" అంది. మావయ్య దగ్గి, బస్సు వేళయిందని గుర్తుచేశాడు.

మర్నాడు ఇంకో ప్రదర్శన ఉంది. తాళం ఊడేలా మాస్టారే ఏర్పాటు చేయించారు. సరిగ్గా అదే చోట ఊడింది. నిచ్చెన అదే చూపు చూసింది, అదే మాట అంది. నవ్వారు గానీ, నిన్నటి నవ్వులో సగం కూడా లేదు. జనం వెళ్ళిపోయాక బొంగరం రంగస్థలం అంచున కాళ్ళు వేలాడేసి కూర్చున్నాడు. నిచ్చెన వచ్చి పక్కన కూర్చుంది. ఆమెకి దిగులుగా లేదు. తెలుసుకోవాలని ఆత్రంగా ఉంది.

"నిన్న అది ఊడినప్పుడు నువ్వేమనుకున్నావు?"

"నాటకం గోవిందా అనుకున్నాను."

"నువ్వు కాదు. ఆ భర్త."

బొంగరం బుర్ర గోక్కున్నాడు. "ఏమో. ఇన్నాళ్ళూ ఈవిడ అన్నది నిజమే కాబోలు అని భయపడ్డాడేమో."

"మరి ఇవాళ?"

"ఇవాళ ఏమనుకుంటాడు? ఊడుతుందని తెలుసుగా."

ఊడుతుందని తెలిసింది తమకి, ఆ భర్తకి కాదు కదా అనుకుంది నిచ్చెన. తర్వాత లేచి, ఒంటికి అంటిన దుమ్ము దులుపుకుంది.

"లే. పెట్టెలు పట్టుకో" అంది. "మొదట్నుంచీ చేద్దాం. ఈసారి నేను లాగుతుంటే నువ్వు తాళాన్ని చూడకు, నన్ను చూడు."