జైలు గోడ దాటిన బంతిపూలు

నేను ఒక డ్రోన్‌ని. పెళ్ళిపందిళ్ళ మీద గిరికీలు కొడుతూ ఫొటోలు తీసే బొమ్మజాతి దాన్ని కాను. ఆరు చేతులు, చేతికో మోటారు, పొట్ట కింద పెద్ద టాంకు. మిరపతోటలకు మందు కొట్టడానికి పుట్టినదాన్ని. చెన్నై దగ్గర ఒక షెడ్డులో నన్ను బిగించారు. అక్కడివాళ్ళు చేతులకు తొడుగులు వేసుకుని నన్ను ముట్టుకునేవారు. ఆ తర్వాత నన్ను పట్టుకున్న చేతుల్లో కొన్నింటిని తలుచుకుంటే, తొడుగులు కావలసింది నాకేననిపిస్తుంది.

కొంత సర్కారు రాయితీ, కొంత సొంత పొదుపు కలిపి ఒక ఊరి మహిళా సంఘం నన్ను కొనుక్కుంది. అందులో పుండరీకాక్షం గారి చిల్లిగవ్వ లేదు. అయినా ఆ చుట్టుపక్కల ఊళ్ళకు నాయకుడు కాబట్టి సభకు వచ్చాడు, నా వీపు మీద చెయ్యేసి, "నా ఆడపడుచులకు ఇది నా కానుక" అన్నాడు. చప్పట్లు మోగాయి. ఆ చప్పట్ల మధ్యలోనే పక్కవాణ్ణి, "ఇంతకీ ఇదేం చేస్తుందిరా?" అని అడిగాడు.

నన్ను నడపడం నేర్చుకుని పైలట్ లైసెన్సు తెచ్చుకున్నది సలోమి. ముప్పై దాటిన మనిషి, మాట తక్కువ. నన్ను లేపేముందు ఫోనులో మ్యాపు చూసేది. పచ్చరంగులో ఎగరవచ్చు, ఎర్రరంగులో కూడదు. మా మండలంలో ఎర్రరంగు జిల్లా జైలు చుట్టూ ఉంది. ఆకాశం నుంచి జైల్లోకి ఫోన్లు, గంజాయి, కత్తులు జారవిడిచే ఘనులు పుట్టుకొచ్చాక పెట్టిన కట్టడి అది. కేంద్రం అనుమతి లేకుండా ఆ గీత దాటితే కేసే. జైలు పక్కన పొలమున్న రైతు ఒకడు, "పురుక్కి నీ ఎర్రరంగు సంగతేం తెలుసమ్మా?" అని గొడవపెట్టుకున్నాడు. సలోమి వాదించలేదు. నన్ను గట్టు మీద దించి, చేతిపంపు వీపున కట్టుకుని ఆ తోటకు తనే మందు కొట్టింది. మనుషుల మీద నాకు కాస్త గౌరవం కలిగింది ఆ రోజే.

ఆ గౌరవాన్ని పోగొట్టడానికే అన్నట్టు కోటిలింగం వచ్చాడు. పుండరీకాక్షం ముఖ్య అనుచరుడు. మెళ్ళో పులిగోరు గొలుసు, కోరమీసం. అప్పటికి వాళ్ళ నాయకుణ్ణి, ఏటి కడుపు తోడేసి ఇసుక అమ్ముకున్నందుకు, రిమాండు మీద అదే జైలుకు పంపారు.

"చెల్లెమ్మా, రేపు అన్న పుట్టినరోజు. జైల్లో పూలవాన కురవాల. డ్రోను తీసుకురా."

"జైలు మీద ఎగరేయకూడదన్నా. కేసవుద్ది, నా లైసెన్సు పోద్ది."

"అన్న ఇచ్చిన డ్రోను అన్న మీద పూలు చల్లడానికి చట్టమేందమ్మా?"

"అన్న ఇచ్చింది కాదు, మేం కొనుక్కుంది."

కోటిలింగం మీసం సవరించుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు సలోమి పక్కూరికి పోయిన సమయం చూసి సంఘం అధ్యక్షురాలి ఇంటికెళ్ళాడు. మీ వీధికి మంచినీళ్ళ పైపు రాదు అన్నాడు, అంతే. ఆమె నన్ను పెట్టిన గది తాళం తీసి ఇచ్చి, తలుపు వెనక నిలబడి ఏడ్చింది. ఏడవడం వల్ల నాకేం ఒరిగింది?

సెల్‌ఫోను దుకాణం నడిపే చెవిపోగువాడు ఒకడు నన్ను విప్పాడు. ఎర్రగీత దగ్గరకు రాగానే ఆగిపోవాలని నాలో ఒక కట్టుబాటు పెట్టి ఉంది. వాడు దాన్ని పీకేశాడు. ఆ గుంపులో అందరికీ అది ముందే పీకేసినట్టుంది, ఇక మిగిలింది నేనే.

జైలు ఎదుట ఫ్లెక్సీ కట్టారు, బాంబులు కాల్చారు. ములాఖత్ కోసం వచ్చినవాళ్ళు రేకుల షెడ్డులో కూర్చుని బిక్కుబిక్కుమంటూ చూస్తున్నారు. నా టాంకు అడుగు కోసి, మీట నొక్కితే తెరుచుకునే మూత బిగించి, బంతిపూల రెక్కలు కుక్కారు. అంతకుముందు దాకా పురుగుమందు మోసిన టాంకు అది. కడగాలన్న ఆలోచన ఒక్కడికీ రాలేదు. పైగా పుండరీకాక్షం అసలా జైల్లోనే లేడు! గుండెనొప్పి అని రెండు రోజుల ముందే ఏసీ ఆసుపత్రికి మారాడు. ఆ సంగతి కోటిలింగానికి తెలుసు. వాడికి కావలసింది వీడియోలో జైలు గోడ.

గోడ దాటాను. కింద ఖైదీలు పళ్ళేలు పట్టుకుని అన్నానికి వరసలో నిలబడి ఉన్నారు. చెవిపోగువాడు మీట నొక్కాడు. మందు వాసన కొట్టే బంతిరెక్కలు వాళ్ళ తలల మీద, పళ్ళేల్లో, మూత తీసి ఉన్న సాంబారు గంగాళంలో పడ్డాయి. ఏ పాపం చేసి వచ్చినవాళ్ళో నాకు తెలియదు గానీ, వాళ్ళ కూటిలో విషం కలపమని ఏ కోర్టూ తీర్పివ్వలేదు. చేసింది నేనే అయినా, ఆ క్షణంలో నన్ను నేను అసహ్యించుకున్నంతగా ఏ మనిషీ తనను అసహ్యించుకుని ఉండడు.

సైరన్ మోగింది. "జై" కొట్టిన గొంతులన్నీ చెప్పులు వదిలేసి పరుగెత్తాయి. చెవిపోగువాడు రిమోటును నేలకేసి కొట్టినట్టు పారేసి పోయాడు. పట్టు తప్పి నేను అటూ ఇటూ ఊగుతున్నాను. కింద మనుషులు, నా రెక్కలేమో కత్తులు.

విషయం తెలిసి సలోమి ఆటోలో అప్పుడే వచ్చి దిగింది. నన్ను చూసింది, నేల మీద రిమోటు చూసింది. అది ముట్టుకుంటే ఏమవుతుందో ఆమెకు తెలుసు. అయినా తీసుకుంది. రిమోటు తెర మీద చూసుకుంటూ నన్ను నెమ్మదిగా జనం మీద నుంచి తప్పించి, జైలు వంటశాల వెనక ఖాళీ నేల మీద దించింది. రెక్కలు ఆగకముందే పోలీసులు ఆమె చెయ్యి పట్టుకున్నారు. రిమోటు చేతిలో ఉంది, లైసెన్సు ఆమె పేరిట ఉంది. ఇంకేం కావాలి?

ఆ పూట ఖైదీలకు అన్నం లేదు, గంగాళాలు ఒలకబోశారు. ములాఖత్‌లు రద్దు.

సాయంత్రం నన్నూ ఆమెనూ పోలీస్ స్టేషన్లో పక్కపక్కనే కూర్చోబెట్టారు. కోటిలింగం దర్జాగా వచ్చి ఎస్సై ఎదుట కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"పొరపాటున ఎగరేశానని ఒప్పుకో చెల్లెమ్మా. అన్న బయటికి రాగానే నిన్ను చూసుకుంటాడు."

"ఏటిని చూసుకున్నట్టేనా?" అంది సలోమి.

అప్పుడు గుమ్మంలోకి ఒక ముసలామె వచ్చింది. పేరు అంకమ్మ. కొడుకును చూడటానికి రెండు బస్సులు మారి వచ్చి, ములాఖత్ రద్దయి, ఇంటికి పోకుండా జైలు గేటు దగ్గరే కూర్చుని, సలోమిని పట్టుకెళ్ళిన స్టేషన్ ఏదో కనుక్కుని వచ్చిన మనిషి. జంతికల మూట ఇంకా చంకలోనే ఉంది.

"ఈ బిడ్డ కాదయ్యా. చెవికి పోగున్నోడు ఎగరేశాడు, ఈ మీసాలాయన ఎగరేయించాడు. ఈ బిడ్డ ఆఖర్న వచ్చి దించింది."

"ముసల్దానికి కళ్ళు కనపడవు సార్" అన్నాడు కోటిలింగం.

"నీ మెళ్ళో పులిగోరు కనపడతానే ఉందిరా. కనపడకుండా చేసింది నా కొడుకు మొకం." ఆమె చంకలోని మూట ముందుకు లాక్కుంది. "మూణ్ణెల్లయింది వాణ్ణి చూసి."

ఎస్సై ఏమనేవాడో గానీ, అప్పుడే ఒక కానిస్టేబులు ఫోను ముందుకు చాపాడు. తన వీరత్వం జనం చూడాలని కోటిలింగమే వీడియో పెట్టుకున్నాడు. అందులో చెవిపోగువాడు నన్ను లేపుతున్నాడు, కోటిలింగం పక్కన నిలబడి మీసం తిప్పుతున్నాడు. ఇంత బుద్ధిహీనత మా యంత్రాల్లో ఉంటే తయారీలోనే పక్కకు పారేస్తారు. మనుషుల్లో మాత్రం అనుచరుడనే హోదా ఇస్తారు.

కేసు వాళ్ళిద్దరి మీదకు మారింది. సలోమిని సాక్షిగా రాసుకుని పంపించారు. వెళ్తూ ఆమె, "ఈ రాత్రికి మా ఇంటికి రా అవ్వా. ములాఖత్ మళ్ళీ పెట్టినప్పుడు నేను తీసుకెళ్తా" అంది. అన్నట్టే ఆ వారంలోనే తీసుకెళ్ళిందట. కొడుకు జంతికలు నమిలినంతసేపూ అంకమ్మ వాడి ముఖమే చూస్తూ కూర్చుందట. పుండరీకాక్షం బెయిలు మీద బయటికొచ్చాడు. కోటిలింగానికీ బెయిలొచ్చింది. చట్టాన్ని లెక్కచేయని ధీరుడని వాడి బొమ్మతో ఫ్లెక్సీ వేశారు, దాన్ని స్టేషన్ గోడకే కట్టారు.

నేను సాక్ష్యపు వస్తువునై, స్టేషన్ వెనక తాళం వేసిన గదిలో తుప్పుపట్టిన మోటారుసైకిళ్ళ మధ్య ఉండిపోయాను. ఒక పూట తాళం తెరుచుకుని ఒక మోటారు పోయింది. కొన్నాళ్ళకు ఇంకోటి. నన్ను కాపాడుతున్నవాళ్ళ దగ్గరే తాళంచెవి ఉండేది.

కోర్టు ఉత్తరువు పట్టుకుని సలోమి వచ్చేసరికి నాకు మిగిలింది చట్రమూ, ఆరు ఒట్టి చేతులూ. కానిస్టేబులు ఎటో చూస్తూ, "తెచ్చినప్పుడే ఇట్టా ఉందమ్మా" అన్నాడు.

సలోమి నా చుట్టూ ఒకసారి తిరిగింది. "ఆరు మోటార్లూ లేకుండానే జైలు గోడ దాటిందా సార్?"

లోపల ఎస్సై పేపరు మడిచి మళ్ళీ విప్పుకున్నాడు.

"ముట్టినట్టు సంతకం పెట్టమ్మా, పనైపోద్ది" అన్నాడు కానిస్టేబులు.

"మోటార్లు ముట్టినాక పెడతా" అని ఆమె గుమ్మంలో ఉన్న బల్ల మీద కూర్చుంది. సాయంత్రం ఇంటికెళ్ళింది. మర్నాడు మళ్ళీ వచ్చి అదే బల్ల మీద కూర్చుంది.