తడికీ పొడికీ ఒకటే తరుగు

ఎనభై నాలుగు మార్చి నెల. నల్లపాడు అవతల ఒక ఊళ్ళో సాయంత్రమయ్యేసరికి మిరప కల్లాలన్నీ సందడిగా ఉండేవి. ఆడవాళ్ళు బిందెలతో నీళ్ళు మోసుకొస్తుంటే మగవాళ్ళు వేపమండలు ముంచి ఎండిన కాయల మీద కొట్టేవాళ్ళు. కొత్తగా చూసేవారికి ముచ్చటగానే ఉంటుంది. బస్తాలో తొక్కేటప్పుడు కాయ విరగకుండా కాసిని నీళ్ళు చిలకరించడం ఎక్కడైనా ఉన్నదే. ఇది మాత్రం తూకం కోసం తడపడం. మోసమని అందరికీ తెలుసు. అందరూ చేస్తారు గనక ఎవరికీ సిగ్గు లేదు.

నీళ్ళు కొట్టని కల్లం ఆ ఊళ్ళో ఒక్కటే, ఇమ్మానియేలుది. ఊహ తెలిసినప్పటి నుంచి ఒకరి చేలో కూలికి పోయిన మనిషి, ఆ ఏడే మొదటిసారి రెండెకరాలు కౌలుకు తీసుకుని మిరప వేశాడు. ఉగాదిలోగా కౌలు కట్టకపోతే పొలం ఇంకొకరికి పోతుంది. మొగుడూ పెళ్ళాం మళ్ళీ కూలికే పోవాలి. అయినా అతని భార్య రెబ్కా కాయల మీదికి బిందె ఎత్తనివ్వలేదు. రంగు పోయిన తాలుకాయ ఏరి పక్కన పోసింది. మంచు పడేవేళకు పట్టాలు కప్పి, ఎండ రాగానే మళ్ళీ తిరగేసింది. చేత్తో పట్టుకుని ఊపితే కాయలో గింజ గలగలలాడాలి, అప్పుడే ఎండినట్టని ఆమె లెక్క. పక్క కల్లం బాపయ్య ఇదంతా చూసి, తూకం పోగొట్టుకోవడానికి ఇంత చాకిరీ చేసేవాళ్ళని ఎక్కడా చూడలేదని నవ్వాడు.

"తినేవాళ్ళ నోట్లోకి పోయేది బాపయ్యగారూ. బూజు పట్టించి ఏం బావుకుంటాం?" అంది రెబ్కా.

మొదట సగం కాయను బండికెత్తి ఇమ్మానియేలు గుంటూరు మిర్చి యార్డుకు తీసుకెళ్ళాడు. బాపయ్య బండీ వెంటే వచ్చింది. సరుకు కొనే షావుకారు కొట్టు ముందు అతని గుమస్తా ఇద్దరి బస్తాల్లోనూ చెయ్యి పెట్టి మచ్చు తీశాడు. ఏది తడో ఏది పొడో ఆ చేతికి తెలియకపోలేదు. ఇద్దరికీ ఒకటే ధర, ఒకటే తరుగు అన్నాడు. తరుగంటే మరేం లేదు, కాయలోని తడి ఆరితే తగ్గే బరువును ముందుగానే తూకంలోంచి కొట్టేయడం. తడి లేని కాయకు తరుగేమిటని ఇమ్మానియేలు అడిగాడు.

"అందరికీ ఎంతో నీకూ అంతే. మనిషికో న్యాయం పెడితే వ్యాపారం సాగుతుందా?" అన్నాడు గుమస్తా.

"న్యాయమేనండీ నేనూ అడిగేది. నా కాయ చూశారుగా మీరు."

"చూశాన్రా. నీళ్ళు కొట్టుకుని రావద్దని నీకెవరు చెప్పారు?"

అతను తిట్టలేదు, వెటకారమూ ఆడలేదు. మంచి కోరి సలహా చెప్పినట్టే చెప్పాడు. నాకు ఒళ్ళు మండేది అక్కడే. ఇమ్మానియేలు చూస్తూ ఉండగానే కూలీలు అతని పొడికాయనూ బాపయ్య తడికాయనూ గోడౌన్లో ఒకే రాశిగా పోశారు. రెబ్కా నెల రోజులు ఎండలో నిలబడి సాధించింది ఆ రాశిలో ఎక్కడుందో ఇక దేవుడికే తెలియాలి. ఇమ్మానియేలు తను కొట్టని నీళ్ళకు జరిమానా కట్టి ఇంటికొచ్చాడు.

వచ్చిన డబ్బు కౌలుకు చాలదు. మిగిలిన సగం తడిపితేనే పొలం నిలుస్తుందని భార్యకు చెప్పాడు. ఆమె ఒప్పుకోలేదు.

ఆ వారమే యార్డులో ఒక సభ జరిగింది. పై దేశానికి ఓడలో పంపిన మన మిర్చి బూజు పట్టిందని వెనక్కి వచ్చిందట. రైతులకు బుద్ధి చెప్పడానికి లక్ష్మీనరసింహంగారనే రిటైరైన అర్థశాస్త్రం లెక్చరర్ని పిలిచారు. మంచి చదువరి, మర్యాదస్తుడు. కొన్ని దేశాలు ఎందుకు బాగుపడతాయి, కొన్ని ఎందుకు చితికిపోతాయి అన్న సంగతి ఎత్తుకున్నారు. బాంబులు పడి బూడిదైన జపాను ఇవాళ ప్రపంచమంతటికీ రేడియోలు అమ్ముతోంది, పెద్ద గనులేమన్నా ఉన్నాయా, వాళ్ళకున్న ఆస్తి నిజాయితీ ఒక్కటే అన్నారు. మన రైతుకు అదే కరువైంది, మన పేదరికానికి మూలం అదేనని తేల్చేశారు. షావుకారు అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు. దండ కూడా తనే వేశాడు.

ఇమ్మానియేలు లేచి నిలబడ్డాడు.

"అయ్యా, మీరు చెప్పింది మా ఇంట్లో ఉందండీ. ఇక్కడికి తెస్తే కొనేవాళ్ళు లేరు" అన్నాడు.

తరుగు సంగతి చెప్పబోయేలోగా గుమస్తా భుజం పట్టి కూర్చోబెట్టాడు. లక్ష్మీనరసింహంగారు ఏదో అడగబోయారు గానీ ఈలోగా కాఫీలు వచ్చాయి. సభ ముగిసింది.

ఇంటికొచ్చి జరిగిందంతా చెప్పాడు. రెబ్కా అంతా విని, ఒక్క మాట అడిగింది.

"దండ వేసింది మన కాయను తడికాయలో కలిపినాయనేనా?"

అవునన్నాడు. ఆమె బిందె తీసుకుని చేతిపంపు దగ్గరకు నడిచింది. ఇమ్మానియేలు వెంటపడి, బిందె ఇమ్మని చెయ్యి చాచాడు. ఆమె ఇవ్వలేదు.

"ఎండబెట్టింది నేను. తడిపేది కూడా నేనే తడుపుతా" అంది.

మర్నాడు యార్డులో గుమస్తా ఆ బస్తాలో చెయ్యి పెట్టాడు. వేళ్ళకు అంటిన తడిని పంచెకు తుడుచుకుని, "ఇప్పుడు రైతువయ్యావురా" అని మెచ్చుకున్నాడు. అదే ధర, అదే తరుగు. ఇమ్మానియేలు కౌలు కట్టాడు, పొలం నిలిచింది. మరుసటి ఏడు వాళ్ళ కల్లం కూడా అందరి కల్లాల్లాగే ఉంది. రెబ్కా తాలుకాయ ఏరడం కూడా మానేసింది.

చదివేవారిని ఒక్కటే అడుగుతున్నాను. ఆ కాయను తడిపింది రెబ్కా అని ఎవరైనా అనగలరా? మన జనానికి కష్టపడటం రాదని, నీతి లేదని వేదికలెక్కి చెప్పే పెద్దలు ఒక్కసారి ఆ గుమస్తా పక్కన నిలబడి చూడాలి. రెబ్కా లాంటి మనుషులు జపానులో ఎంతమంది ఉన్నారో మన పల్లెల్లోనూ అంతమంది పుడుతున్నారు. వాళ్ళ చేత మనమే బిందె పట్టిస్తున్నాం, పట్టించి మనమే దొంగలంటున్నాం. మంచి సరుకుకు మంచి ధర పలికే దేశంలో మంచి సరుకు దానంతటదే పెరుగుతుంది. తడికీ పొడికీ ఒకటే తరుగు వేసే దేశంలో ముందు నిజాయితీపరుడు చితికిపోతాడు, ఆ తర్వాత దేశం చితికిపోతుంది.